కావలెను: సీనియర్‌ని ఏడిపించే పాట ఒకటి

జపాన్‌లో మార్చి నెలకు రెండే పనులు. సకురా పూలు పూయించడం, మనుషుల్ని సాగనంపడం. బడి సంవత్సరమూ, ఆఫీసు లెక్కల సంవత్సరమూ రెండూ మార్చి 31తోనే ముగుస్తాయి కాబట్టి చదువైపోయిన పిల్లలు, బదిలీ అయిన గుమాస్తాలు, రిటైరయ్యే పెద్దలు అందరూ కట్టకట్టుకుని ఒకే నెలలో వెళ్లిపోతారు. వెళ్లే ప్రతివారికీ ఒక సోబెత్సుకాయ్, అంటే వీడ్కోలు విందు, చేసి తీరాలి. ప్రతి విందుకీ ఒక కాంజి ఉండాలి. పెళ్లిలో తెల్లారుజామున లేచి అన్ని పనులూ చేసి, ఆఖరి బంతిలో చల్లారిన సాంబారు పోసుకునే బంధువు ఒకడుంటాడు చూడండి, కాంజి అంటే అతనే. ఈ ఏడు మా విభాగానికి కాంజిని నేను.

టోక్యోలో ఐదేళ్లుగా కోడ్ రాసుకుని బతుకుతున్న తెనాలి వాణ్ణి. ఇక్కడ నాకు పని నేర్పిన సీనియర్‌కి, వీళ్ల మాటలో సెన్‌పాయ్‌కి, 60 నిండాయి. మార్చి ఆఖరుకి రిటైర్మెంట్. ఇజకాయాలో, అంటే తాగుతూ తినే హోటల్లో, 14 మందికి చోటు దొరికింది. రెండు గంటల పాటు పట్టినంత తాగే ఏర్పాటు మాట్లాడాను. పూలగుత్తి చెప్పాను. మిగిలింది పాట. విందయ్యాక కరావోకే గదిలో, అంటే యంత్రం బాణీ వాయిస్తే తెర మీద మాటలు చూసి మైకులో పాడుకునే గదిలో, అందరం కలిసి ఒక పాట పాడి ఆయనకు కృతజ్ఞత చెప్పుకోవాలి. ఆయన కళ్లు చెమ్మగిల్లాలి. గిల్లకపోతే కాంజి ఫెయిల్.

"పాటదేముందండీ, ఏదో ఒకటి పాడేయండి" అంది మా ఆవిడ. ఆవిడకి సమస్య లోతు తెలీదు. ఇక్కడ ఎవరూ ఎవరికీ మొహం మీద మనసు విప్పి కృతజ్ఞత చెప్పరు. 'ఒసెవా ని నారిమాషిత' అంటారు. ఇన్నాళ్లూ నన్ను చూసుకున్నారు అని అర్థం. అక్కడితో సరి. యోసెగాకి అని ఒక చదరపు అట్ట ఆఫీసంతా తిరుగుతుంది, ప్రతివాడూ అందులో రెండు ముక్కలు రాసి సంతకం పెట్టాలి. అది నా బల్ల మీదకు వచ్చేసరికి 11 మంది రాసేశారు. తొమ్మిది మంది రాసింది ఆ వాక్యమే. పదో అమ్మాయి అదే రాసి పక్కన ఒక పువ్వు గీసింది. మా మేనేజర్ మాత్రం సొంత మాట రాశారు: 'ఆరోగ్యం జాగ్రత్త.' నేను పావుగంట ఆలోచించి, ఆ తొమ్మిది మందిలో పదోవాణ్ణయ్యాను. పువ్వు కూడా వేయలేదు. అట్ట మీద చెప్పలేకపోయిన భారమంతా ఇక పాటే మొయ్యాలి.

అందుకని ఎక్సెల్ షీట్ తెరిచాం. మేమంటే నేను, 26 ఏళ్ల జూనియర్ కుర్రాడు, సంగీతం తెలిసిన అకౌంట్స్ ఆయన.

మొదట పెద్దల పాట: 'ఆవోగెబా తోతోషి'. 1884 నుంచి ఉంది. గురువు ఋణం ఎంత గొప్పదో చెప్పే పాట, తరతరాలు బళ్లలో నిలబడి పాడారు. గురుభక్తికి ఇంతకన్నా ఏం కావాలి? అయితే 2011లో ఒక పరిశోధకుడు దాని పుట్టుక తవ్వి తీశారు. బాణీ 1871 నాటి అమెరికా పాటల పుస్తకంలోది. అక్కడ అది తోటి విద్యార్థులు విడిపోతూ పాడుకునే పాట. గురువూ, ఋణమూ జపాన్ చేరాక ఎక్కాయి. పుట్టింట్లో దాన్ని ఎప్పుడో మరిచిపోయారు, అత్తింట్లో మాత్రం దేవుడి గదిలో పెట్టారు. నాకు అభ్యంతరం లేదు. జూనియర్‌కే ఉంది. "అది పాడితే అందరం వరసలో నిలబడాలేమో అనిపిస్తుందండీ" అన్నాడు.

తర్వాత 'హోతారు నో హికారి', మిణుగురుల వెలుగు. బాణీ స్కాట్లాండ్‌ది, మాటలు జపాన్‌వి, మిణుగురుల వెలుగులో చదువుకున్న కుర్రాడి కథ చైనాది. ఇంత అంతర్జాతీయ సహకారంతో తయారైన పాటకి వచ్చిన గతి ఏమిటంటే, దుకాణాలు మూసేవేళ ఆ బాణీ వేస్తారు. మా ఇంటి దగ్గరి సూపర్‌మార్కెట్‌లో రాత్రి అది మొదలయ్యిందంటే, సగం ధర స్టిక్కర్ పడిన టోఫూ కోసం చాచిన చెయ్యి కూడా వెనక్కొస్తుంది, కాళ్లు వాటంతటవే గేటు వైపు తిరుగుతాయి. దుకాణాల్లో వేసేది అసలు ఆ పాట కాదనీ, 'వాటర్లూ బ్రిడ్జ్' అనే పాత హాలీవుడ్ సినిమాలో వచ్చిన వాల్ట్జ్ అనీ, అసలు పాటకి నాలుగు దెబ్బలు, వాల్ట్జ్‌కి మూడు దెబ్బలనీ అకౌంట్స్ ఆయన బల్ల మీద వేళ్లతో కొట్టి మరీ నిరూపించారు. నిజమే. కానీ కస్టమర్ కాళ్లకి తాళజ్ఞానం ఉండదు. 37 ఏళ్లు పనిచేసిన మనిషికి 'షాపు మూస్తున్నాం, దయచేయండి' అని చెప్పినట్టవుతుందని కొట్టేశాం.

జూనియర్ రెండు సూచించాడు. ఒకటి రెమియోరోమెన్ బృందం 2004లో తెచ్చిన 'మార్చి 9'. దేశమంతా బడి వీడ్కోళ్లలో పాడతారు, కానీ వాళ్లు దాన్ని కట్టింది ఒక స్నేహితుడి పెళ్లికి. రెండోది 1985 నాటి ఒజాకి యుతాకా పాట. పేరే 'గ్రాడ్యుయేషన్' కదా అని పెట్టాడు. అందులో కుర్రాళ్లు రాత్రిపూట బడి కిటికీ అద్దాలు పగలగొడతారు. మా సీనియర్ సిస్టమ్ సెక్యూరిటీ చూసే మనిషి. వద్దనుకున్నాం.

ఒక పాట దగ్గర మాత్రం ముగ్గురం మెత్తబడ్డాం. సైతామా జిల్లా చిచిబులో కాగెమోరి అనే మిడిల్ స్కూల్ ఉంది. 1991లో అక్కడి హెడ్మాస్టరు ఒక్క రాత్రిలో మాటలు రాసి ఇస్తే, మ్యూజిక్ టీచరమ్మ దానికి బాణీ కట్టారు. వెళ్లిపోయే పిల్లల ముందు టీచర్లంతా నిలబడి పాడారు. ఆ ఒక్కసారికే అనుకున్నారు. హెడ్మాస్టరుగారు ఆ ఏడే రిటైరైపోయారు. మరుసటేడు నుంచి పిల్లలు పట్టుకున్నారు, ఇప్పుడు 'తాబిదాచి నో హి ని' వినపడని మార్చి లేదు. అన్నీ బాగున్నాయి, ఒక్క దిక్కు తప్ప. అది గురువులు పిల్లలకి పాడింది. మేం పాడితే గురువుని కూర్చోబెట్టి 'వెళ్లిరా నాయనా, పెద్దవాడివి కా' అని మేమే దీవించినట్టు. శిష్యులు గురువుకి పాడే పాటే కావాలి మాకు. మెత్తబడినా నియమం నియమమే.

ఈ సంక్షోభంలో తెనాలికి ఫోన్ చేశాను. నాన్న రిటైరైన లెక్కల మాస్టారు. "నాన్నా, మీ రిటైర్మెంట్‌కి ఏం పాట పాడారు?" అన్నాను. "పాటేంట్రా? శాలువా కప్పారు. ముగ్గురు మాట్లాడారు, ముగ్గురూ నా ఇంటిపేరు మూడు రకాలుగా చెప్పారు. ఇంట్లో 11 శాలువాలున్నాయి, కప్పుకునే చలి తెనాల్లో ఏనాడన్నా ఉందా?" అన్నారు. ఎంత హాయైన పద్ధతి! శాలువా పుట్టుపూర్వోత్తరాలు ఎవడూ అడగడు.

చివరికి జూనియర్ ఎక్సెల్‌లో ఒక నిలువు వరస చేర్చాడు: పాట వచ్చిననాటికి సీనియర్ వయసు. అక్కడ తేలింది. 1979లో కైయెంతాయ్ బృందం పాడిన 'ఒకురు కోతొబా', అంటే వీడ్కోలు మాట. బడిపంతులు కిన్‌పాచి టీవీ సీరియల్‌కి అదే టైటిల్ పాట. అందులో పంతులు వేసిన తకెదా తెత్సుయా గారే మాటలు రాశారు. అప్పటికి మా సీనియర్‌కి ఆ సీరియల్ క్లాసు పిల్లల ఈడు, 14. ఇంక ఏడవక ఎక్కడికి పోతారు?

అప్పుడు అకౌంట్స్ ఆయన గొంతు సవరించుకున్నారు. తకెదా గారు ఆ మాటలు గురువు కోసం రాయలేదట. ఒక అమ్మాయి తనని కాదన్న బాధలోంచి వచ్చాయని ఆయనే చెప్పుకున్నారు. జూనియర్ మొహం వాడిపోయింది. నేను మాత్రం ఆ పాటనే ఖాయం చేశాను. ఐదేళ్లుగా నేను రాసిన కోడ్‌ని ఆ పెద్దమనిషి ఎన్నిసార్లు కాదన్నాడో లెక్కలేదు. ఒకసారి నలభై వరసల ప్రోగ్రాం పంపితే నలభై మూడు వ్యాఖ్యలు వచ్చాయి. కాదనిపించుకున్నవాడి పాట కంటే నాకు తగింది ఏముంటుంది?

శుక్రవారం రాత్రి కరావోకే గది. కరావోకే యంత్రాన్ని 1971లో కోబె ఊళ్లో తయారుచేసిన ఇనోఉయె దైసుకె గారికి 2004లో ఇగ్‌నోబెల్ శాంతి బహుమతి, అంటే నోబెల్‌కి వేళాకోళం బహుమతి, ఇచ్చారు, మనుషులు ఒకరినొకరు భరించడం నేర్చుకోవడానికి కొత్త దారి చూపించినందుకు. మా 13 గొంతులు మొదలవగానే ఆ బహుమతి ఎంత న్యాయమో అర్థమైంది. రెండో చరణానికి సీనియర్ లేచి, నా చేతిలో మైకు తీసుకుని, తెర వైపు చూడకుండా మిగతాది ఆయనే పాడేశారు. కళ్లు పొడిగానే ఉన్నాయి. గోడకి తిరిగి ముక్కు చీదుకుంటున్నది అకౌంట్స్ ఆయన. ఇంతలో గోడ మీది ఫోను మోగింది. ఇంకో పది నిమిషాల్లో ఖాళీ చెయ్యాలట.

ఏప్రిల్ 1, బుధవారం. ఆఫీసుకి వెళ్లేసరికి సీనియర్ తన కుర్చీలోనే ఉన్నారు. పూలగుత్తి లేదు, పాత మగ్గు ఉంది. 60కి రిటైర్ చేసినా, కావాలన్నవాళ్లకి 65 దాకా పని చూపించాలని ఇక్కడ చట్టం. జీతం తగ్గుతుంది, కుర్చీ మారదు. ఈ సంగతి అందరికీ ముందే తెలుసట, నోటీసు కూడా పెట్టారట. జపాన్ వాళ్లు రాసే చైనా అక్షరాల్నీ కాంజి అనే అంటారు. ఆ నోటీసులోని కాంజి అక్షరాలు ఈ కాంజికి సగమే చదవడం వచ్చు.

2021 నుంచి 70 దాకా కూడా కంపెనీలు ప్రయత్నం చెయ్యాలట. అంటే ఇంకా రెండు సోబెత్సుకాయ్‌లు, రెండు పాటలు. ఎక్సెల్ తెరిచి కొత్త షీట్ మొదలుపెడుతుంటే మెయిల్ వచ్చింది. సోమవారం నేను పంపిన కోడ్ మీద సీనియర్ వ్యాఖ్యలు, పదిహేడు.