నెట్లీ నడవా గారికి

మహారాజశ్రీ ఇంగ్లండ్‌లోని నెట్లీ సైనిక ఆసుపత్రి నడవా గారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడుగుదామంటే 1966లోనే కూల్చేశారాయె. అయినా పావు మైలు పొడుగున్న పెద్దలు, ఎక్కడో ఓ కొసన వింటూనే ఉంటారని రాస్తున్నాను.

రష్యాతో జరిగిన క్రిమియా యుద్ధంలో తూటాలకన్నా రోగాలకే ఎక్కువమంది సైనికులు పోయారని ఇంగ్లండ్ అంతా గగ్గోలు పెట్టింది. దాంతో సౌతాంప్టన్ దగ్గర సముద్రపు పాయ ఒడ్డున విక్టోరియా మహారాణి స్వయంగా 1856 మే 19న తమరికి శంకుస్థాపన చేశారు. పునాదిరాయి కింద విక్టోరియా క్రాస్ పతకం, నాణేలు కూడా పెట్టారు. 435 మీటర్ల భవనం, 138 వార్డులు, వెయ్యి దాకా మంచాలు. నీళ్ళమీద పోయేవాడు చూస్తే కళ్ళు తిరగాలి, అదీ లెక్క.

ఇంతకీ సముద్రం వైపు ఎవర్ని కూర్చోబెట్టారు? తమర్ని! ఎండా, గాలీ, ఓడల సింగారం అన్నీ తమరికే. రోగులు వెనకవైపు, ఈశాన్యం ముఖంగా. మన సిద్ధాంతిగారైతే "ఈశాన్యమా, దివ్యం" అని సంభావన పుచ్చుకుని వెళ్ళిపోయేవారు గానీ, ఇంగ్లండ్ చలికాలంలో ఆ గదులకి సూర్యుడు చుట్టపుచూపుగానైనా రాడు.

యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఫ్లారెన్స్ నైటింగేల్ ప్లాను చూసి మండిపడింది. వార్డుకి రెండు పక్కలా కిటికీలుండాలి, గాలి ఇటునుంచి అటు ఆడాలి అన్నది ఆవిడ పట్టు. ఒక పక్కంతా తమరు కాళ్ళు బారజాపుకుంటే ఆ రెండో కిటికీ ఎటు తెరుస్తారు? తమరిలోకే. ప్రధాని పామర్‌స్టన్ కూడా ఆవిడ మాటే నిజమన్నాడు. రోగుల సుఖాన్ని ఆర్కిటెక్టు డాబుకి బలిపెట్టారని యుద్ధమంత్రికి ఉత్తరం రాశాడు. ఏం లాభం? పని మొదలైపోయింది, ఇప్పుడెలా మారుస్తాం అన్నారు. ఈ జవాబు ఏ దేశపు ఆఫీసులో పుట్టిందో గానీ, మాకూ బాగా అలవాటే.

1863లో తలుపులు తెరిచారు. ఓడలు నేరుగా గుమ్మంలో ఆగి రోగుల్ని దించుతాయనుకున్నారు. కట్టిన రేవు వంతెన లోతు నీళ్ళ దాకా చేరనే లేదు. ముఖం సముద్రానికి, దారి మాత్రం సౌతాంప్టన్ మీదుగా!

1944లో అమెరికా సైనికులు దిగాక తమరి లోపల జీపులు నడిపారట. నన్నడిగితే, తమర్ని చూడగానే ఇది రోడ్డని పోల్చుకున్న తెలివైనవాళ్ళు వాళ్ళే.

తర్వాత 1963లో అగ్నిప్రమాదం, మూడేళ్ళకి కూల్చివేత. మధ్యనున్న చర్చినొక్కదాన్నీ ఉంచారు. తమరి చోట ఇప్పుడు పార్కు. సముద్రం ఎవరికి కావాలంటే వాళ్ళకి కనిపిస్తోంది, సిఫార్సు అక్కర్లేదు.

ఇట్లు,
వెనక వార్డుల తరఫున,
తమ విధేయుడు

తా.క. తమరి నీడలోని సైనిక వైద్య పాఠశాలలో 1881లో చదువుకున్న రొనాల్డ్ రాస్ గుర్తున్నాడా? దోమ కడుపులో మలేరియా క్రిమిని 1897 ఆగస్టు 20న మా సికింద్రాబాద్‌లో పట్టుకున్నాడు. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనాన్ని తమరి కొలతలతో పోల్చి చెప్పను. నొచ్చుకుంటారు.