పిట్ట కదిలింది

కాలనీ పార్కులో తల దించుకుని నడిచేవాణ్ణి ఎవరూ పట్టించుకోరు. ఫోను చూసుకుంటూ పోయి చెత్తడబ్బాకి గుద్దుకున్నా అడిగే నాథుడుండడు. అదే తలెత్తి చెట్టుకేసి రెండు నిమిషాలు చూడండి, ఊరందరికీ మీతోనే పని పడుతుంది.

అక్టోబరు వచ్చిందంటే నా తల పైకే ఉంటుంది. హైదరాబాదులో పక్షులు చూడాలంటే అందరూ అమీన్‌పూర్ చెరువుకో, అనంతగిరికో బండి తీస్తారు. కానీ హిమాలయాల నుంచీ, ఇంకా పైన సైబీరియా నుంచీ రాత్రిళ్ళు ఎగురుకుంటూ వచ్చే చిన్న పిట్టలకి చుట్టూ అపార్టుమెంట్లున్న బుల్లి పార్కయినా అడవే. నాలుగు కానుగ చెట్లు, ఒక నిద్రగన్నేరు, కాస్త పురుగూ పుట్రా ఉంటే దిగిపోతాయి.

గ్రీనిష్ వార్బ్లర్ అని ఒకటుంది. బరువు ఇంచుమించు పది రూపాయల బిళ్ళంత. రంగు ఆకు రంగే. రెక్క మీద సన్నటి తెల్లగీత ఉంటుంది, దాన్ని బట్టి గుర్తుపట్టాలి. ఆ గీత మన కంటబడేలోపు అది ఇంకో ఆకు వెనక్కి పోతుంది. పోయిన చలికాలం మకాం వేసిన చోటికే మళ్ళీ వచ్చి, అక్కడికి ఇంకోటి వస్తే తరిమేస్తుంది. మా పార్కు బెంచీల దగ్గర రిటైరైన పెద్దలూ అంతే.

ఆ ఆదివారం పొద్దున కానుగ కొమ్మల్లో 'చీవీ, చీవీ' అని వినబడింది. బైనాక్యులర్స్ ఎత్తాను. ఇక్కడో చిక్కుంది. కానుగ వెనకాలే బి-బ్లాకు రెండో అంతస్తు. బైనాక్యులర్స్ అటు తిరిగితే చాలు, బాల్కనీలో ఆరేసిన బట్టలు చకచకా లోపలికి పోతాయి. 1931లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నిజాం రాజ్యమంతా తిరుగుతూ పక్షుల సర్వే మొదలుపెట్టారు. ఆయనకి ముళ్ళూ పుట్టలూ అడ్డొచ్చి ఉంటాయి గానీ బి-బ్లాకు అడ్డొచ్చి ఉండదు.

"ఏమిటి బాబూ, అంత ఇదిగా చూస్తున్నావు?" రిటైర్డ్ హెడ్మాస్టారు.

"పిట్టండీ మాస్టారూ. సైబీరియా వైపు నుంచి వస్తాయి."

"అంత దూరం నుంచి ఇక్కడికి రావాల్సిన ఖర్మేమిటి దానికి?"

"చలికాలం అక్కడ పురుగులు దొరకవండీ."

"మరి తిరిగి పోవడం దేనికి?"

"వేసవిలో అక్కడ పగలు ఎక్కువ, పురుగులూ ఎక్కువ. పిల్లల్ని సాక్కోడానికి పోతాయి."

మాస్టారు కాసేపు ఆలోచించారు. "మా పెద్దాడే నయం. వెళ్ళాడు, అక్కడే ఉండిపోయాడు. ఏదీ, ఇలా ఇవ్వు."

తాడు మెళ్ళో వేసుకుని, అద్దాలు కళ్ళకి ఆనించుకుని, చక్రం అటూ ఇటూ తిప్పి, "ఆహా! అద్భుతం!" అన్నారు.

"కనబడిందా అండీ?"

"కనబడకేం! మా ట్యాంకు పొంగిపోతోంది." వెంటనే ఫోను తీశారు. "ఏమేవ్, మోటారు కట్టెయ్! నాకెలా తెలిసిందా? అవన్నీ తర్వాత, ముందు కట్టెయ్!"

మాస్టారి అరుపుకి ట్రాకు మీద నడుస్తున్న నలుగురు ఆగి తలెత్తారు. ఆ నలుగుర్నీ చూసి ఇంకో పదిమంది. ఏమిటో తెలియకపోయినా ఎవరూ తల దించరు, దించితే మిస్సయిపోతామని భయం. గేటు బయట కాకరకాయ రసం, బూడిదగుమ్మడి రసం అమ్మే కుర్రాడు కూడా గ్లాసు నింపుతూ పైకే చూస్తున్నాడు. రసం చెప్పు మీద పడుతోంది.

సరిగ్గా అప్పుడు నాకు ఆకుల మధ్య తెల్లగీత కనబడింది. "కదిలింది! పిట్ట కదిలింది మాస్టారూ, ఎడమ కొమ్మ!"

నేనేం గట్టిగా అరవలేదు. కానీ అది నవ్వుల క్లబ్బు వాళ్ళు ఒక నవ్వుకీ ఇంకో నవ్వుకీ మధ్య ఊపిరి తీసుకునే సమయం. పార్కంతా నిశ్శబ్దం. చెవిలో పాటలు పెట్టుకుని నడుస్తున్న ఒకావిడ సగం విని పక్కావిడకి చెప్పింది: "పట్టు కదిలిందట!"

పోయినేడు మా సి-బ్లాకుకి సున్నాలు వేసేవాళ్ళు సన్‌షేడ్ కింద తేనెపట్టుని కదిపారు. ఇద్దరి మొహాలు వారం దాకా వాళ్ళ ఇంట్లోవాళ్ళే గుర్తుపట్టలేదు. అందుచేత ఆ మాట రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు.

నవ్వుల క్లబ్బు 'హహ్హ' దగ్గర ఆగి, 'హా' గేటు బయట పూర్తిచేసింది. "పరిగెత్తకండి, కదలకుండా పడుకోండి!" అని ఎవరో అరిచారు. శవాసనంలో ఉన్న యోగా వాళ్ళు ఆ మాట నమ్మి అలాగే ఉండి, చాపలు మాత్రం మీదకి లాక్కున్నారు. తర్వాత ఒక చాప లేచి పరిగెత్తింది, దాని వెనక తక్కినవి. అసోసియేషన్ ప్రెసిడెంటు గారు "పొగ పెట్టండి, పొగ పెట్టండి" అని అందర్నీ పురమాయిస్తూ అందరికంటే ముందు వెళ్ళిపోయారు. రసం కుర్రాడు నెత్తిన స్టీలు గిన్నె బోర్లించుకుని బండి తోసుకుపోయాడు. ఆ ఉదయం బుర్ర పనిచేసింది వాడొక్కడికే.

"తేనెటీగలు కాదండీ, పిట్ట!" అంటూనే ఉన్నాను. మోకాళ్ళ నొప్పుల మాస్టారు ఆ సరికే ఎ-బ్లాకు లిఫ్టు ఎక్కేశారు. మెళ్ళో నా బైనాక్యులర్స్‌తో సహా.

పార్కులో నేనొక్కణ్ణే మిగిలాను. రాలిన ఆకులు పోగేసి ఎరువు చేసే గుంత దగ్గర గలగలమని చప్పుడైంది. తొండేమో అనుకున్నాను. పొన్నంగి పిట్ట! హిందీవాళ్ళు నవరంగ్ అనేది దీన్నే. ఆకుపచ్చ వీపు, కంటి మీదుగా నల్లపట్టీ, రెక్క మీద తళుక్కుమనే నీలం, తోక కింద కుంకుమ ఎరుపు. ఉత్తరాదిన వేసవి గడిపి, చలికాలానికి మన దక్షిణాదికీ శ్రీలంకకీ పోతూ దారిలో ఇలా దిగుతుంది. పక్షుల వాళ్ళు దీనికోసం తెల్లవారుజామునే తుప్పల్లో గంటలకొద్దీ కూచుంటారు. ఇదేమో పదడుగుల దూరంలో, ముక్కుతో ఎండాకు తిరగేయడం, కింద ఏముందో చూడడం, రెండు గెంతులు గెంతడం, ఇంకో ఆకు తిరగేయడం. బైనాక్యులర్స్ ఉన్నా ఇంత దగ్గరికి పనికొచ్చేవి కావు.

చీపురుతో తోటమాలి వచ్చాడు. "ఏంది సార్, అందరు గట్ల ఉరుకుతున్నరు?"

"ష్! అటు చూడు."

"గదా? నాలుగు దినాల సంది ఈడనే తిరుగుతాంది. నేను ఆకు ఊడ్షి పోస్త, అది ఎగజిమ్ముతది. మల్ల ఊడ్వాలె. జర జెప్పుండ్రి సార్ దానికి."

సాయంత్రం కాలనీ వాట్సాప్ గ్రూపులో ప్రెసిడెంటు గారి సందేశం: 'తేనెటీగల ప్రమాదాన్ని సకాలంలో పసిగట్టి హెచ్చరించిన పక్షుల సారుకి అసోసియేషన్ తరఫున ధన్యవాదాలు.' కింద వరసగా దండాల బొమ్మలు. నేను అసలు సంగతి వివరంగా టైపు చేస్తుండగానే మాస్టారి సందేశం వచ్చిపడింది: 'బైనాక్యులర్స్ నా దగ్గర భద్రంగా ఉన్నవి. సి-బ్లాకు ట్యాంకు పొంగుచున్నది. బాధ్యులు గమనించగలరు.'