ఫిబ్రవరిలో పులస అడుగుతామా?

పోయిన ఫిబ్రవరిలో స్నేహితులం ఎనిమిది మందిమి సియాటిల్ డౌన్‌టౌన్‌లో ఒక రెస్టారెంట్‌కు వెళ్ళాం. మెనూలో 'వైల్డ్ సాల్మన్' అని, పక్కన 39 డాలర్లని ఉంది. ఎక్కడి చేప అని వెయిటర్‌ను అడిగాను. ఆ కుర్రాడు వంటగదిలోకి వెళ్ళి వచ్చి, ఎంతో వినయంగా "అట్లాంటిక్" అన్నాడు. నేను ఇంకో మాట అడగబోతుంటే పక్కన కూర్చున్న స్నేహితురాలు బల్ల కింద నా కాలు తొక్కింది. "తినబోయే చేపకు జాతకం ఎందుకే?" అంది.

జాతకం కావాలి. వైల్డ్ అంటే అడవిలో పెరిగిందని కాదు, నదిలో పుట్టి సముద్రంలో తన తిండి తానే వెతుక్కుని పెరిగిందని. అమెరికాలో అట్లాంటిక్ సాల్మన్ పేరుతో అమ్మేదంతా దాదాపు పెంపకపు చేపే. నార్వేలోనో చిలీలోనో సముద్రంలో వలల పంజరాలు కట్టి, మేత వేసి పెంచుతారు. ఆ గులాబీ రంగు కూడా మేతలో కలిపిన పదార్థంతో వచ్చేదే. పెంపకం తప్పని నేను అనను. మన భీమవరం చెరువుల్లో బొచ్చె, శీలావతి పెంచడం లేదా? కాకపోతే చెరువు శీలావతిని గోదావరి చేపంటూ అంటగడితే బజారులో గొడవవుతుంది. ఇక్కడ 39 డాలర్లకు అంటగడితే నవ్వి, టిప్పు కూడా ఇచ్చి వస్తున్నాం.

ఇది నా ఒక్కదాని అనుమానం కాదు. ఓషియానా అనే సముద్ర పరిరక్షణ సంస్థ 2015లో బయటపెట్టిన పరీక్షల్లో సాల్మన్ నమూనాల్లో 43 శాతం తప్పుడు పేరుతో అమ్మినవని తేలింది. ఎక్కువగా జరిగింది పెంపకపు అట్లాంటిక్‌ను వైల్డ్ అనడమే. దుకాణాల్లో కంటే రెస్టారెంట్లలోనే ఈ మోసం ఎక్కువ. ఆ నమూనాలు సేకరించింది చలికాలంలో, అంటే సీజన్ లేని రోజుల్లో.

అయినా ఆ రెస్టారెంట్ మీద కంటే మన మీదే నాకు కోపం ఎక్కువ. ఫిబ్రవరిలో వైల్డ్ సాల్మన్ కావాలని అడిగింది మనం.

నేను ధవళేశ్వరం పక్కన పుట్టి పెరిగాను. మా ఇంట్లో సంక్రాంతికి ఎవరూ పులస అడగలేదు. గోదావరికి ఎర్రనీరు వచ్చాకే దాని మాట. సముద్రంలో ఉన్నన్నాళ్ళు విలస, ఏటికి ఎదురెక్కాక పులస. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెతను కచ్చితంగా మగవాళ్ళే పుట్టించి ఉంటారని మా అమ్మమ్మ అనేది, పుస్తెలు ఆవిడవి కాబట్టి. కాలం కాని కాలంలో ఎవరైనా పులస తెచ్చానంటే బుట్ట మూత కూడా తీయనిచ్చేది కాదు. అలాంటి ఇంట్లోంచి వచ్చి, విమానం దిగగానే పన్నెండు నెలలూ అన్నీ దొరకాలనే అలవాటు మనకు ఎలా పట్టిందో!

సాల్మన్ కథా పులస కథ లాంటిదే. గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఏటికి ఎదురీదుతుంది. నదిలోకి వచ్చాక మేత ముట్టదు, ఒంట్లో దాచుకున్న కొవ్వే దానికి దారి బత్తెం. అందుకే అలాస్కాలో కాపర్ నది సాల్మన్‌కు అంత పేరు. దాదాపు 290 మైళ్ళ పొడవున మంచు కరిగిన నీటితో వడిగా పారే నది అది. అంత దూరం ఎక్కాల్సిన చేప కొవ్వు బాగా పట్టించుకుని వస్తుంది. నది ఎక్కకముందే, ముఖద్వారం దగ్గర వల వేస్తారు. ఒక్క తేడా ఏమిటంటే, పులస గుడ్లు పెట్టి మళ్ళీ సముద్రానికి పోగలదు. ఈ సాల్మన్ గుడ్లు పెట్టి చచ్చిపోతుంది.

ఇంత మంచి చేప ఒకప్పుడు ఎక్కువగా డబ్బాల్లోకీ ఫ్రీజర్లలోకీ పోయేది. జాన్ రౌలీ అనే చేపల నిపుణుడు జాలరులను ఒప్పించి, పట్టిన వెంటనే పడవ మీదే రక్తం తీయించి, ఐసులో పెట్టించి, 1983లో సియాటిల్‌లోని నాలుగు రెస్టారెంట్లకు తాజాగా రప్పించాడు. ఇప్పుడు ఏటా మే నెల మధ్యలో మొదటి చేపలు విమానంలో దిగుతాయి. పైలట్ ఒక పెద్ద చేపను చేతుల్లో పట్టుకుని ఎర్ర తివాచీ మీద నడిచి వస్తాడు. యానాంలో మొదటి పులసకు వేలంపాట చూసినవాళ్ళకు ఇదేమీ వింత కాదు. ఆ మొదటి వారం మాత్రం వెళ్ళకండి, తివాచీ ఖర్చు కూడా మీ బిల్లులోనే పడుతుంది. జూన్ దాకా ఆగండి.

పోయిన జూన్‌లో నాన్న వచ్చినప్పుడు అలాగే ఆగి వెళ్ళాం. మెనూలో సాకై (సాల్మన్‌లో ఒక రకం) అని, కాపర్ నది అని, ఆ రోజు తేదీతో సహా రాసి ఉంది. పళ్ళెంలో చెయ్యంత ముక్క, తోలు పైకి పెట్టి, పక్కన నాలుగు ఆకులు. తోలు అప్పడంలా కరకరలాడుతోంది. కింద కండ పండుమిరపకాయ చీల్చినట్టు ఎర్రగా ఉంది. పెంపకపు ముక్కలో కనిపించే వెడల్పాటి తెల్లటి కొవ్వు చారలు ఇందులో లేవు.

"లోపల ఇంకా ఉడకలేదేమోనమ్మా" అన్నారు నాన్న.

వెనక్కి పంపుదామా అని నాకూ ఒక్క క్షణం అనిపించింది. మనవాళ్ళు చేసేది అదే. బాగా ఉడికించమంటాం, వంటవాడు విసుక్కుంటూ ఇంకో ఐదు నిమిషాలు ఉంచుతాడు, ముక్క మీదికి విరిగిన పాలలా తెల్లటిదేదో ఉబికి వస్తుంది, కండ పీచు పీచవుతుంది. తర్వాత సాల్మన్ చప్పగా ఉంటుందని ఊరంతా చెబుతాం. గర్భిణులు, ఒంట్లో బాగాలేనివాళ్ళు పూర్తిగా ఉడికినదే తినాలి, అందులో వాదన లేదు. మిగతావాళ్ళు ఒక్కసారి వంటవాడి మాట వినవచ్చు.

నాన్న విన్నారు. ఫోర్కు పక్కన పెట్టి, ముక్కను వేళ్ళతో మెల్లగా తడమడం మొదలుపెట్టారు. ముళ్ళ కోసం! పులస తిన్న వేళ్ళు అవి, ముల్లు చూడకుండా ముద్ద పెట్టవు. ఒక్కటీ తగల్లేదు. "ముళ్ళన్నీ వాళ్ళే తీసేస్తే తినేవాడికి పనేముందమ్మా?" అన్నారు. కారం అడుగుతారనుకున్నాను. అడగలేదు. తోలుతో సహా తినేసి, వెయిటర్ అమ్మాయిని నాచేత అడిగించిన మాట ఒక్కటే: "ఇది ఇంకా ఎన్నాళ్ళు దొరుకుతుంది?"

ఇక్కడి మన తెలుగు సంఘం విందులకు మెనూ కుదిర్చేవాళ్ళు కూడా ఈ మాట అడగాలి. ఏ రకం, ఏ ఊరిది, తాజాదా ఫ్రీజర్‌లోదా అనీ అడగాలి. ఫ్రీజర్‌లోదైతే తక్కువేమీ కాదు. పట్టిన వెంటనే గడ్డకట్టించిన సాకై చలికాలమంతా బాగుంటుంది, ఆ సంగతి దాచకుండా చెబితే చాలు. చలికాలంలోనూ ఆగ్నేయ అలాస్కాలో గాలాల పడవలు కొద్దిపాటి కింగ్ సాల్మన్ పడతాయి, కానీ అది నాలుగు వందల మంది విందుకు వచ్చే సరుకు కాదు. ఏ హోటలువాడైనా మెనూలో ఆ పంక్తి కొట్టేసి "ఇవాళ లేదు" అంటే నేను మళ్ళీ అక్కడికే వెళతాను.

ఇక ధర. పళ్ళెం 48 డాలర్లా అని నోరు వెళ్ళబెట్టేముందు ఒక సంగతి. ఆ చేపలు దిగే అలాస్కాలోని కార్డోవా ఊరికి బయటి నుంచి రోడ్డు లేదు, పడవైనా ఎక్కాలి, విమానమైనా ఎక్కాలి. వల ఎప్పుడు వేయాలో, ఎన్ని గంటలు వేయాలో అలాస్కా చేపల శాఖ చెబుతుంది. మొదట్లో తరచూ 12 గంటలే. నదిలో సోనార్ (ధ్వని తరంగాలతో నీటిలోని చేపలను గుర్తించే పరికరం) పెట్టి, ఎన్ని చేపలు ఎగువకు పోతున్నాయో లెక్కిస్తారు. 2018లో సాకై రాక బాగా తగ్గితే, సీజన్ మొదలైన కొద్ది రోజులకే వేట ఆపేశారు. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మరపడవలు కట్టేసినప్పుడు జాలరి ఇంట్లో పొయ్యి సంగతేమిటో తెలిసినవాళ్ళకు నేను వేరే చెప్పనక్కరలేదు.

జూలైలో నాన్నను సియాటిల్‌లోనే ఉన్న బాలర్డ్ లాకుల దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడ చేపలు ఉప్పునీటి నుంచి మంచినీటికి ఎక్కడానికి 21 మెట్లు కట్టారు. కిందికి దిగితే అద్దాల కిటికీలున్న చీకటి గది. అద్దం అవతల పచ్చటి నీళ్ళలో సాకై చేపలు ప్రవాహానికి ఎదురుగా, ఉన్నచోటే ఈదుతున్నట్టు తోక ఆడిస్తూ నిలబడ్డాయి. ఒకదాని వీపు మీద సీల్ కొరికిన గాటు. నాన్న అద్దానికి చెయ్యి ఆనించి చాలాసేపు చూశారు. ఏదో పెద్ద మాట అంటారనుకున్నాను.

"తలకాయ పులుసుకు బాగుంటుంది" అన్నారు.

వచ్చేదారిలో ఏషియన్ దుకాణంలో ఆగి రెండు సాల్మన్ తలకాయలు కొన్నాం. పౌను 3 డాలర్లు. పెంపకపు అట్లాంటిక్‌వే, లేబుల్ మీద అలాగే రాసి ఉంది. కొత్తావకాయ నూనె వేసి నాన్నే పులుసు పెట్టారు. మర్నాటికి ఇంకా బాగుంది.