ఏనుగుతో పాటు మావటి కూడా ఓడ ఎక్కాలి

అమెరికా అడవుల్లో ఏనుగులు దుంగలు లాగుతూ ఉంటే ఎలా ఉండేది? చరిత్ర ఇంకోలా నడిచి ఉంటే అని ఊహించుకునేవాళ్లకు ఇది చాలా ఇష్టమైన ప్రశ్న, పైగా దీని వెనక నిజమైన ఉత్తరం ఒకటి ఉంది. 1861 ఫిబ్రవరిలో సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాజు మోంగ్‌కుట్ అమెరికా అధ్యక్షుడికి ఒక ఉత్తరం రాశాడు. మీ దేశంలో ఏనుగులు లేవట, లేత వయసు మగ, ఆడ ఏనుగులను జతలుగా పంపిస్తాం, వాతావరణం సరిపడే అడవుల్లో వదలండి, సంఖ్య పెరిగాక పట్టి మచ్చిక చేసుకుంటే దారుల్లేని చోట బరువులు మోస్తాయి అని అందులోని సారాంశం. అది చేరేలోపు అధ్యక్షుడు మారాడు. 1862 ఫిబ్రవరి 3న కొత్త అధ్యక్షుడు లింకన్ మర్యాదగా వద్దన్నాడు: ఏనుగులు వృద్ధి చెందేంత దక్షిణాన మా దేశం లేదు, నేల మీదా నీటి మీదా మాకు ఆవిరి యంత్రాలే బాగా పనికొస్తున్నాయి అని. ఆ ఏనుగులను అమెరికా అంతర్యుద్ధం కోసం రాజు ఇస్తానన్నాడని చాలామంది చెబుతుంటారు. అది తప్పు, ఉత్తరం రాసేనాటికి ఆ యుద్ధం మొదలే కాలేదు.

సరే, లింకన్ ఒప్పుకున్నాడనే అనుకుందాం. ఫ్లోరిడా, లూసియానా చిత్తడి అడవుల్లో ఏనుగులు బతికేవేమో కూడా. కానీ ఆడ ఏనుగు ఈనడానికి దాదాపు 22 నెలలు పడుతుంది, పుట్టిన పిల్ల పూర్తి పనికి రావడానికి ఇరవై ఏళ్లు కావాలి. 1864లో గున్న పుట్టిందనుకున్నా అది దుంగ లాగేది 1884లో, అప్పటికి ఖండం ఈ చివర నుంచి ఆ చివరకు రైలు పట్టాలు పడి పదిహేనేళ్లు గడిచిపోయి ఉంటాయి. ఈ లెక్క చాలామంది వేస్తారు. మావటి లెక్క మాత్రం ఎవరూ వేయరు, మా అభ్యంతరం అక్కడే.

ఏనుగుకు మదం ఎప్పుడు వస్తుందో, అరికాలికి పుండు పడితే ఏం చేయాలో, ఎంత ఎండలో పని ఆపాలో పుస్తకం చదివితే రాదు. తండ్రి పక్కన చిన్నప్పటి నుంచి తిరిగిన కొడుక్కి వస్తుంది. అంటే సయాం నుంచో బర్మా నుంచో మావటులు కుటుంబాలతో సహా రావాలి, వాళ్ల పిల్లలు అక్కడే స్థిరపడాలి. అమెరికా వాళ్లను ఉండనిచ్చేదా? 1882లో చైనా కూలీలకు తలుపులు మూసింది, 1917 చట్టంతో ఆసియాలో చాలా భాగానికి మూసేసింది. రెండో తరం మావటులు ఉండేవాళ్లు కాదు, అదిలించేవాడు లేని ఏనుగులు పొలాల మీద పడేవి, ఆ తర్వాత తుపాకులు వచ్చేవి.

ఇదంతా ఉత్త ఊహ అనకండి. అమెరికాకు ఏనుగులు సర్కస్‌ల రూపంలో వచ్చాయి. 1916లో టెనెసీ రాష్ట్రంలో కొత్తగా పనిలో చేరిన, అనుభవం లేని మనిషి చేతికి మేరీ అనే ఆడ ఏనుగును అప్పగించారు. అది అతన్ని చంపేసింది. ఎర్విన్ పట్నంలో దాన్ని రైల్వే క్రేన్‌కు వేలాడదీసి ఉరితీశారు, జనం గుంపులుగా వచ్చి చూశారు. ఆ ఏనుగు చేసిన తప్పేంటి?

ఆస్ట్రేలియాలో అయితే ఒంటెలతో మొత్తం కథ నిజంగానే జరిగింది. 1860లో ఖండం లోపలి ప్రాంతాన్ని అన్వేషించడానికి బయల్దేరిన బర్క్, విల్స్ యాత్రకు కరాచీ నుంచి ఒంటెలు వెళ్లాయి, 1866లో థామస్ ఎల్డర్ అనే వ్యాపారి వందకు పైగా తెప్పించాడు. వాటితో పాటు బలూచిస్తాన్, పెషావర్, సింధ్, పంజాబ్‌ల నుంచి ఒంటెలవాళ్లు వెళ్లారు, ఎక్కడివాళ్లనైనా అక్కడ అఫ్గాన్లు అనేవాళ్లు. ఖండం మధ్యలో టెలిగ్రాఫ్ తీగ వేయడానికి సామాన్లు మోసింది, ఎడారి పశుశాలలకు సరుకులు చేర్చి ఉన్ని బేళ్లు తెచ్చింది, గనులకు తిండి అందించింది ఈ మనుషులూ ఈ ఒంటెలే. బదులుగా దక్కిందేమిటి? 1901 తర్వాత, తెల్లవాళ్లు కానివాళ్లను దూరం పెట్టే 'తెల్లవాళ్ల ఆస్ట్రేలియా' విధానం కింద చాలామందికి పౌరసత్వం రాలేదు, కుటుంబాలను తెచ్చుకోవడం కుదరలేదు. లారీలు రాగానే పని పోయింది. 1925లో దక్షిణ ఆస్ట్రేలియా ఒంటెల సంహారానికి ఏకంగా చట్టమే చేసింది. కన్నబిడ్డల్లా సాకినవాటిని కాల్చడానికి చేతులు రాక చాలామంది ఎడారిలో వదిలేశారు, అవి లక్షలకు పెరిగాయి, ఈ శతాబ్దంలో హెలికాప్టర్ల నుంచి కాల్చి చంపారు. ఒంటెలు అడవిపాలు కావడానికి వాటి స్వభావం కారణమంటే మేం ఒప్పుకోం, యజమానులను బతకనివ్వని చట్టాలే కారణం.

మనకిది దూరపు ముచ్చట కాదు. చిత్తూరు జిల్లాలో పొలాల మీద పడుతున్న ఏనుగులను మళ్లించడానికి 2025లో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులను (అడవి ఏనుగులను తరిమేలా శిక్షణ ఇచ్చినవి) తెచ్చి పలమనేరు దగ్గర ముసలిమడుగు క్యాంపులో పెట్టారు. మంచి పనే, రైతుకు ఊరట కావాలి. కానీ ఆ ఏనుగులు ఇంకా దశాబ్దాలు బతుకుతాయి, వాటితో ఉండే మావటులు, కావడిలు (మావటి సహాయకులు) కూడా అంతకాలం ఉండాలి. వాళ్లకు పర్మినెంట్ ఉద్యోగం, క్యాంపు దగ్గరే ఇల్లు, గాయపడితే బీమా, వాళ్ల పిల్లల్లో ఇష్టమున్నవాళ్లకు ఇదే పనిలో శిక్షణ, ఇవి ఇప్పుడే జీవోలో రాయాలని మా డిమాండ్. కుంకీలు ముసలివైపోయి పని మానేశాక వాటి మేతకు డబ్బు ఏ పద్దు నుంచి వస్తుందో కూడా అటవీ శాఖ అందులోనే చెప్పాలి.