బురుజు కట్టించే ముందు ఒక్కమాట

పెళ్లికొడుకుల కంటపడకూడదనో, చెప్పిన మాట వినడం లేదనో కూతురిని బురుజులో పెట్టి తాళం వేయదలచిన పెద్దమనుషులు ముందుగా కొంత చదువుకోవడం మంచిది. ఇందుకు గ్రంథాధారాలకు కొరత లేదు. జాకోబస్ డి వొరాజినె అనే సన్యాసి 13వ శతాబ్దంలో ఇటలీలో కూర్చిన ‘స్వర్ణ గాథలు’ పైకి క్రైస్తవ పునీతుల చరిత్రలే. లోపల మాత్రం పెద్దమనుషుల పరాజయాల చిట్టా.

పునీత క్రిస్టీనా వ్యవహారమే చూడండి. తండ్రి ఏ లోటూ చేయలేదు. బురుజులో పన్నెండుమంది పరిచారికలను పెట్టాడు, పూజకు వెండి బంగారు విగ్రహాలు ఇచ్చాడు. క్రైస్తవురాలైన ఆ అమ్మాయి విగ్రహాలను విరగ్గొట్టి ముక్కలు బీదలకు పంచింది. ఒళ్లు చీరిస్తే, ఊడిన మాంసపు ముక్క తీసి తండ్రి ముఖాన కొట్టి, నువ్వు కన్నదే, తినమంది. ఆయన పోయాడు. తరువాత వచ్చిన న్యాయాధికారీ పోయాడు. మూడో ఆయన ఐదు రోజులు కొలిమిలో ఉంచాడు, పాములను వదిలాడు, చివరికి నాలుక కోయించాడు. ఆమె ఆ నాలుకనే ఆయన మీదికి విసిరింది. ఒక కన్ను పోయింది. పైగా ఆమె మాట మాత్రం పడిపోలేదట! బాణాలు వేయించాక గానీ ఫైలు మూతపడలేదు. ఒక్క అమ్మాయికి ముగ్గురు అధికారులు, అందులో చివరివాడు ఒంటికన్ను.

ఆ గ్రంథపు తరువాతి ప్రతుల్లో చేరిన పునీత బార్బరా తండ్రిది మేస్త్రీల సమస్య. స్నానశాలకు రెండు కిటికీలు చాలని చెప్పి ఊరెళ్లాడు. వచ్చేసరికి మూడున్నాయి. పిత, పుత్ర, పవిత్రాత్మ అని కూతురు లెక్క చెప్పింది. తానే కత్తి పట్టి ఆమె తల నరికాడు, వెంటనే ఆకాశం నుంచి నిప్పు పడి బూడిదయ్యాడు. ఇప్పుడు ఆమె ఫిరంగి దళాలకు పోషకురాలు.

అమ్మాయిలను బంధించే వృత్తి ఇలా దివాలా తీస్తుంటే ఇంగ్లీషు నవలాకారులు ఆదుకున్నారు. 1764లో హొరేస్ వాల్పోల్ ‘ఒట్రాంటో కోట’ను అచ్చువేస్తూ, అది తన రచన కాదని, ఒట్రాంటోలోని సెయింట్ నికొలాస్ చర్చి మతాధికారి రాసిందని బొంకాడు. అందులో పెళ్లిరోజే కొడుకు చనిపోతే, కాబోయిన కోడలిని నేనే చేసుకుంటానని వెంటపడతాడు మాన్‌ఫ్రెడ్ ప్రభువు. ఇసబెల్లా సొరంగంలోకి పారిపోతుంది, దీపం ఆరిపోతుంది. ఆ సొరంగం పోయేది ఎక్కడికనుకున్నారు? అదే సెయింట్ నికొలాస్ చర్చికి! పాత ఇంటికి దొడ్డిదారి అన్నమాట. అయితే ఈ అమ్మాయి ఏమీ విసరదు, పరుగెడుతుంది. అదీ ప్రగతి.

1794లో ఆన్ రాడ్‌క్లిఫ్ ఇంకా మెరుగుపరిచింది. ఆమె నాయిక ఎమిలీ ఉడాల్ఫో కోటలో నల్లటి తెర తొలగించి, చూసి, మూర్ఛపోతుంది. వందల పేజీల తరువాత తెలుస్తుంది, అది శవంలా చేసిన మైనపు బొమ్మ అని. చర్చికి అపచారం చేసిన ఆ వంశపు పూర్వీకుడొకడు రోజూ దాన్ని చూస్తూ కూర్చోవాలని శిక్ష వేశారట. ప్రాయశ్చిత్తం పెద్దమనిషిది, మూర్ఛ అమ్మాయిది.

అంతా చక్కబడిందనుకుంటే అమెరికా సినిమా మళ్లీ చెడగొట్టింది. 1978 నాటి భయానక చిత్రం ‘హాలోవీన్’లో నాయిక లోరీ కూడా మగపిల్లల వెంట తిరగని బుద్ధిమంతురాలే. చేతికి దొరికిన అల్లిక సూదితో, బట్టల హ్యాంగరుతో తనను చంపవచ్చిన ఆగంతకుణ్ణి పొడిచింది. పూర్వం ఇలాంటి అమ్మాయి చనిపోయి గెలిచేది. ఇప్పుడు బతికే గెలుస్తోంది.

అమ్మాయి వద్దన్నప్పుడు సరేనని ఊరుకుంటే ఏమవుతుందని ఎవరైనా అడగవచ్చు. ఆ ప్రయోగం చేసిన పెద్దమనిషి నాకు ఈ గాథల్లో తగల్లేదు. కట్టి తీరతానంటారా, లోపల విగ్రహాలు, అల్లిక సూదులు, హ్యాంగర్లు ఉంచకండి. కిటికీలు రెండేనని మేస్త్రీ చేత సంతకం చేయించుకోండి.