హెర్షీ బేర్స్ ‘అసలు టీము కాదు’ అన్న పెద్దమనిషికి

నిన్న సాయంత్రం పెన్సిల్వేనియాలోని మెకానిక్స్‌బర్గ్‌లో మిత్రుల గృహప్రవేశానికి వెళ్ళాము. సత్యనారాయణ వ్రతం ముగిసి, బేస్‌మెంట్‌లో భోజనాలు వడ్డిస్తున్న సమయంలో జరిగిన రెండు నిమిషాల సంభాషణ నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. ఈ మధ్యనే డల్లాస్ నుంచి ఉద్యోగం మారి ఇటు వచ్చిన ఒక పెద్దమనిషి, మా అబ్బాయి వేసుకున్న, మా ప్రాంతపు ఐస్ హాకీ జట్టు హెర్షీ బేర్స్ జెర్సీని చూసి “ఇది ఏ టీమండీ?” అని అడిగారు. ఐస్ హాకీ గురించి అడిగే తెలుగువారు దొరకడమే అరుదు కాబట్టి నేను సంబరంగా మొదలుపెట్టాను. రెండు వాక్యాలు పూర్తి కాకముందే ఆయన “ఓహో, మైనర్ లీగా! అంటే పై టీముకు పనికిరానివాళ్ళు ఆడేదన్నమాట. దానికి టికెట్లు కొనడం ఎందుకండీ? వాషింగ్టన్ ఇక్కడికి రెండు రెండున్నర గంటలే కదా, వెళ్ళి అసలు టీమునే చూడండి” అని, పప్పులోకి నెయ్యి వేయించుకుని, పక్కవారితో ఇళ్ళ ధరల గురించి మాట్లాడటంలో పడిపోయారు. మా అబ్బాయి తన జెర్సీ మీద ఉన్న ఎలుగుబంటి బొమ్మను ఒకసారి తల వంచి చూసుకున్నాడు. వాడికి పదేళ్ళు. ఆ చూపు నా గుండెలో ముల్లులా దిగింది.

అసలు టీము అనే ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు. హెర్షీలో హాకీ జట్టు పుట్టింది 1932లో. ఇప్పుడు ఏహెచ్‌ఎల్ (అమెరికన్ హాకీ లీగ్) అని పిలుస్తున్న, పై లీగైన ఎన్‌హెచ్‌ఎల్ (నేషనల్ హాకీ లీగ్)కు ఒక మెట్టు కింద ఉండే లీగులో అది చేరింది 1938లో. ఆనాటి నుంచి యుద్ధం వచ్చినా, మాంద్యం వచ్చినా, ఊరు మారకుండా ఆడుతూనే ఉంది. ఆ లీగులో ఇంతకాలంగా నిలిచి ఉన్న జట్టు మరొకటి లేదు. వయసులో దాని తరువాత చెప్పుకోవలసిన రోచెస్టర్ అమెరికన్స్ కూడా 1956లో వచ్చినదే. ఆయన అసలు టీము అన్న, బేర్స్ ఇప్పుడు ఆటగాళ్ళను పంపే పై లీగు జట్టు వాషింగ్టన్ క్యాపిటల్స్ తమ మొట్టమొదటి మ్యాచ్ ఆడింది 1974 అక్టోబరులో. అప్పటికే బేర్స్ ఏహెచ్‌ఎల్ విజేతకు ఇచ్చే కాల్డర్ కప్పును అయిదుసార్లు గెలిచి ఉన్నారు, అయిదవది ఆ ఏడాదే. ఆ తొలి సీజన్‌లో క్యాపిటల్స్ 80 మ్యాచ్‌లు ఆడి 8 గెలిచారు. నేను వారిని చిన్నబుచ్చడానికి ఈ లెక్క చెప్పడం లేదు. 2018లో వారు ఎన్‌హెచ్‌ఎల్ విజేతకు ఇచ్చే స్టాన్లీ కప్పు గెలిచిన రాత్రి మా ఇంట్లోనూ పండుగే జరిగింది, ఎందుకంటే ఆ జట్టులోని హోల్ట్‌బీ, కార్ల్‌సన్, బీగల్ ముగ్గురూ అంతకుముందు హెర్షీ మంచు మీద ఆడి వెళ్ళినవారే. కాని తాతల నాటి మండువా లోగిలిని చూపించి, ఇది పక్కన కట్టిన కొత్త మేడకు వసారా అని ఎవరైనా అంటే, ఆ లోగిలిలో పెరిగినవారు నోరు మూసుకుని కూర్చోగలరా?

ఈ జట్టు ఎలా పుట్టిందో ఆ పెద్దమనిషి అడిగి ఉంటే నేను ఎంతో సంతోషంగా చెప్పేవాణ్ణి. చాక్లెట్ వ్యాపారి మిల్టన్ హెర్షీ తన ఫ్యాక్టరీ చుట్టూ ఒక ఊరినే నిర్మించాడు. 1930లలో మహామాంద్యం దేశాన్ని పీల్చి పిప్పి చేస్తున్నప్పుడు, తన ఊరివాళ్ళకు పని ఆగిపోకూడదని హోటల్, కమ్యూనిటీ భవనం, హాకీ అరీనా, స్టేడియం ఒకదాని తరువాత ఒకటి కట్టించాడు. 1936లో తలుపులు తెరిచిన ఆ అరీనా పైకప్పు సన్నని కాంక్రీటు పెంకు. ఆంటన్ టెడెస్కో అనే ఇంజినీరు రూపకల్పన అది. లోపల చూపుకు అడ్డం వచ్చే స్తంభం ఒక్కటి కూడా ఉండదు. ఆ కాంక్రీటును మోసి పోసినవారిలో చాలామంది ఆ ఊరివారే. జట్టుకు మొదట పెట్టిన పేరు ‘బార్స్’, చాక్లెట్ బార్లను గుర్తు చేసే పేరు. అది మరీ వ్యాపార ప్రకటనలా ఉన్నదని న్యూయార్క్ పత్రికలవారు విమర్శిస్తే 1936లో ‘బేర్స్’గా మార్చారు. మిల్టన్ హెర్షీ 1945లో కన్నుమూశాడు. బేర్స్ తొలి కాల్డర్ కప్పు 1947లో వచ్చింది. ఆ రెండేళ్ళ తేడా తలచుకున్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. అంతా సమకూర్చిన మనిషి ఆ ఒక్క ఘడియ చూడకుండానే వెళ్ళిపోయాడు.

ఆ పాత అరీనా మాట వచ్చింది కాబట్టి ఇంకొక మంట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. హెర్షీ అరీనా అనగానే లోకానికి గుర్తొచ్చేది ఒక బాస్కెట్‌బాల్ మ్యాచ్. 1962 మార్చి 2న ఫిలడెల్ఫియా వారియర్స్ తరఫున విల్ట్ చాంబర్లిన్ అక్కడ ఒక్కడే 100 పాయింట్లు సాధించాడు. అది మహత్తరమైన ఘనత అని నేనూ ఒప్పుకుంటాను. ఆ రాత్రి వచ్చిన ప్రేక్షకులు 4,124 మంది. ఆ రాత్రికి ముందు 26 ఏళ్ళుగా ఆ పైకప్పు కింద ఆడుతున్నది ఎవరు? ఆ రాత్రి తరువాత 2002లో పక్కనే జెయింట్ సెంటర్ కట్టేవరకు, మరో 40 ఏళ్ళు ఆడింది ఎవరు? చాంబర్లిన్ జట్టు ఆ సీజన్ అయిపోగానే ఫిలడెల్ఫియాను వదిలి శాన్ ఫ్రాన్సిస్కోకు తరలిపోయింది. పెద్ద లీగు జట్టు పెట్టె బేడా సర్దుకుని వెళ్ళింది, మైనర్ లీగు జట్టు అక్కడే ఉన్నది. అయినా ఆ అరీనా కథ చెప్పేవారు ఒక రాత్రి విడిదికి వచ్చిన అతిథి గురించి పుటలు పుటలు రాసి, ఇంటివారి గురించి ఒక్క వాక్యంతో సరిపెడతారు. నిన్న నా ఎదుట జరిగింది సరిగ్గా అదే.

పనికిరానివాళ్ళు అన్న మాటకు వస్తాను, ఎందుకంటే అన్నిటికన్నా ఎక్కువ బాధ పెట్టింది అదే. 1942 నుంచి 1967 వరకు ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉన్నవి ఆరే ఆరు జట్లు. ఖండం మొత్తానికి ఆరు జట్లంటే, ఎంత మంది గొప్ప ఆటగాళ్ళు గుమ్మం బయట నిలబడిపోయి ఉంటారో ఎవరైనా ఊహించుకోవచ్చు. విల్లీ మార్షల్ అలాంటివాడు. 1956లో హెర్షీకి వచ్చి, 1958, 1959 కప్పులు గెలిపించినవారిలో ఒకడయ్యాడు. ఏహెచ్‌ఎల్‌లో అతను వేసిన 523 గోల్స్‌ను ఇంతవరకు ఎవరూ దాటలేదు. ఏటా అత్యధిక గోల్స్ వేసినవారికి ఆ లీగు ఇచ్చే బహుమతి అతని పేరు మీదే ఉన్నది. పై లీగులో మాత్రం అతనికి దక్కినవి నలభై మ్యాచ్‌లు కూడా కావు. ఫ్రాంక్ మాథర్స్ కథ కూడా అలాంటిదే. అతనూ 1956లోనే ఆటగాడుగా, కోచ్‌గా హెర్షీకి వచ్చాడు, తరువాత ఆటను విడిచి కోచ్‌గా, జనరల్ మేనేజర్‌గా, అధ్యక్షుడిగా 1991 వరకు అక్కడే పనిచేశాడు. ముప్పై అయిదేళ్ళు ఒకే ఊరు, ఒకే జట్టు. మరుసటి ఏడాది హాకీ హాల్ ఆఫ్ ఫేమ్ అతనికి చోటిచ్చింది. పనికిరానివాళ్ళకు హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దొరుకుతుందా?

మా నాన్నగారు కోనసీమలో రైతు. నారుమడి అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. నారు పీకి పెద్ద చేలో నాటడం ధర్మమే, అందుకే పోసిన మడి అది. బేర్స్ కూడా పై జట్టుకు ఆటగాళ్ళను పెంచి పంపుతుంది, అందులో దాచవలసింది ఏమీ లేదు. శనివారం రాత్రి మన గోల్‌కీపర్‌గా నిలబడి అందరి చేతా చప్పట్లు కొట్టించుకున్నవాడు ఆదివారం మధ్యాహ్నానికి వాషింగ్టన్ జట్టులో ఉంటాడు, మనం అతని స్థానంలో దిగిన కొత్తవాడి పేరు తెలుసుకోవడానికి పేపరు తిరగేస్తూ ఉంటాము. 2007 నవంబరులో థాంక్స్‌గివింగ్ రోజున కోచ్ బ్రూస్ బూడ్రోనే సీజన్ మధ్యలో పిలిపించుకున్నారు. అంతకుముందు ఏడాదే 2006లో మనకు కప్పు తెచ్చిన మనిషి అతను. పై జట్టులో అడుగుపెట్టిన ఆ సీజన్‌లోనే అతను లీగు ఉత్తమ కోచ్ బహుమతి అందుకున్నాడు. మేము గర్వపడ్డాము, నొచ్చుకున్నాము కూడా. ఇదంతా భరించే ఊరు ఏటా మళ్ళీ టికెట్లు కొంటున్నది.

కాని మడినే పీకి పారేసే పద్ధతి ఒకటి ఉన్నది. దాని మీద నాకు 2015 నుంచి తీరని కోపం. ఆ ఏడాది తూర్పున, మధ్య ప్రాంతంలో ఉన్న అయిదు ఏహెచ్‌ఎల్ జట్లను, పడమటి తీరపు ఎన్‌హెచ్‌ఎల్ జట్లకు దగ్గరగా ఉంటాయని, ఒక్కసారిగా కాలిఫోర్నియాకు తరలించారు. న్యూ హాంప్‌షైర్‌లోని మాంచెస్టర్ మోనార్క్స్ సంగతి చూడండి. తమ జట్టు వెళ్ళిపోతున్నదని జనవరిలోనే తెలిసినా ఆ ఊరివారు సీజన్ చివరిదాకా వచ్చి చప్పట్లు కొట్టారు. ఆ జట్టు జూన్‌లో కాల్డర్ కప్పు గెలిచింది. గెలిచిన వెంటనే లీగులో దాని స్థానం కాలిఫోర్నియాలోని ఆంటారియోకు పోయింది. మాంచెస్టర్‌కు ఇంకా కింది లీగు జట్టు ఒకటి మిగిలింది, అది కూడా 2019లో మూతపడింది. ఛాంపియన్ జట్టున్న ఊరికే ఇలా జరిగినప్పుడు మిగతా ఊళ్ళకు దిక్కేమిటి? అసలు టీములు అనుకునేవి కూడా ఇందుకు మినహాయింపు కావు. ఆ పెద్దమనిషి నిన్న ఎంతో మురిపెంగా చెప్పుకున్న డల్లాస్ స్టార్స్ 1993 వరకు మిన్నెసోటా జట్టు. అక్కడి పిల్లలు కూడా ఒక రోజు తమ జెర్సీలను తల వంచి చూసుకునే ఉంటారు.

హెర్షీ జనాభా 15 వేలు కూడా ఉండదు. జెయింట్ సెంటర్‌లో 10 వేలకు పైగా సీట్లున్నాయి, హారిస్‌బర్గ్ నుంచి, లాంకాస్టర్ నుంచి, యార్క్ నుంచి వచ్చినవారితో అవి నిండుతాయి. టెడ్డీ బేర్ టాస్ రోజున ఆయన ఒక్కసారి మా వెంట రావాలి. బేర్స్ మొదటి గోల్ వేయగానే అరీనాలో ఉన్న ప్రతి మనిషీ తాను తెచ్చిన బొమ్మను మంచు మీదికి విసురుతాడు. కింది వరుసల్లో ఉన్నవారి తలల మీద, భుజాల మీద మెత్తమెత్తగా బొమ్మలు రాలుతూ ఉంటాయి, వారు వాటిని ఏరి మళ్ళీ ముందుకు విసురుతారు. తెల్లటి మంచు కనబడకుండా పోతుంది. ఆటగాళ్ళు హెల్మెట్లు తీసి, ఆ గుట్టల్లో పడి దొర్లుతారు. 2025 జనవరి 5న అలా కురిసిన బొమ్మలు 1,02,343, అన్నీ ధార్మిక సంస్థల ద్వారా పిల్లలకు చేరాయి. మా అబ్బాయి ఆ రోజు రెండు కొత్తవి, ఒకటి తనదే పాతది పట్టుకొచ్చాడు. పాతదాన్ని విసిరే ముందు దాని చెవి దగ్గర ఏదో చెప్పాడు. ఏం చెప్పావని నేను అడగలేదు.

ఇంతవరకు వచ్చిన కప్పులు 13. 1988లో ప్లేఆఫ్స్‌లో ఆడిన 12 మ్యాచ్‌లూ గెలిచి, ఒక్క ఓటమి లేకుండా కప్పు ఎత్తారు. 2010లో 60 విజయాల సీజన్ ముగించి, ఫైనల్లో టెక్సాస్ స్టార్స్‌ను ఓడించారు, అంటే డల్లాస్ వారి నారుమడినే. ఈ సంగతి నిన్న సమయానికి నాకు గుర్తు రాకపోవడం నా దురదృష్టం. 2023 ఫైనల్ ఏడవ మ్యాచ్ కాలిఫోర్నియాలో జరిగింది. ఇక్కడ బాగా పొద్దుపోయింది, మనవాళ్ళు 2-0 వెనకబడి ఉన్నారు, నా భార్య ఇక పడుకుందామన్నది, మేము పడుకోలేదు. స్కోరు సమం చేశారు, ఓవర్‌టైమ్‌లో మైక్ వెకియోనీ గోల్ వేశాడు, పక్కింటివారి లైటు కూడా అదే క్షణంలో వెలిగింది. మరుసటి ఏడాది మళ్ళీ ఓవర్‌టైమ్‌లోనే, ఈసారి మన సొంత మంచు మీద, మ్యాట్ స్ట్రోమ్ గోల్‌తో పదమూడవ కప్పు వచ్చింది.

ఈ పోస్ట్ ఆ పెద్దమనిషికి చేరుతుందని నాకు తెలుసు, మన తెలుగు గ్రూపుల్లో ఏదీ దాగదు. అయ్యా, వచ్చే శనివారం రాత్రి ఏడు గంటలకు ఆట ఉన్నది. మీ ఇంటి నుంచి హెర్షీ అరగంట దూరం. నా దగ్గర ఒక టికెట్ ఎక్కువ ఉన్నది, మా అబ్బాయి పక్క సీటు. వాడికి 13 కప్పుల సంవత్సరాలూ కంఠతా వచ్చు. దయచేసి ఈసారి వాణ్ణి చివరిదాకా చెప్పనివ్వండి.