సాకెట్ సంగతి కారుకెలా తెలుస్తుంది?

ఎలక్ట్రిక్ కారుని ఇంట్లో ఏ సాకెట్‌లో పెట్టి ఛార్జ్ చేసినా, ఎంత కరెంటు లాగాలో కారే చూసుకుని సర్దుకుంటుందని ఒక వ్యాసంలో రాశారు, అది సగమే నిజం. సాకెట్ ఎంత మోయగలదో కారుకి తెలియదండీ. ఛార్జింగ్ కేబుల్ మధ్యలో ఉండే డబ్బా ఒక తీగ మీద సెకనుకి 1000 సార్లు ఆన్ ఆఫ్ అయ్యే సిగ్నల్ పంపుతుంది, అందులో ఆన్‌లో ఉండే భాగం 10 శాతమైతే 6 ఆంపియర్లు, 25 శాతమైతే 15 దాకా తీసుకోవచ్చని అర్థం, కారులోపలి ఛార్జర్ ఆ హద్దు దాటకుండా లాగుతుంది, అంతే. గోడలో వైరు ఎంత సన్నమో, సాకెట్ వెనక స్క్రూ వదులైందో ఆ డబ్బాకీ తెలియదు! కొన్ని కేబుళ్లకి ప్లగ్‌లో వేడి కొలిచే సెన్సర్ ఉంటుంది, వేడెక్కితే కరెంటు తగ్గిస్తుంది లేదా ఆపేస్తుంది. అన్నిటికీ ఉండదు, కొనేటప్పుడే అడగాలి. ఇంట్లో గీజర్ వేయగానే ఛార్జింగ్ దానంతటదే తగ్గడం ఇంకో కథ, దానికి మెయిన్ లైన్ మీద కరెంటు కొలిచే క్లాంప్ ఉండాలి. 230 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లంటే 2.3 కిలోవాట్లు, అదీ రాత్రంతా ఆగకుండా, ఇస్త్రీపెట్టెలా కాసేపు వాడి తీసేసేది కాదు కదా. పాత వైరింగైతే కారు సెట్టింగ్స్‌లోనో డబ్బా మీదో 6కో 8 ఆంపియర్లకో తగ్గించుకోండి, ప్లగ్ రంగు మారినా వాసన వచ్చినా ఇక ఆ సాకెట్ జోలికి పోకండి.